సిగరెట్ పెట్టె మీద కోడ్, మీ షాపుకు కోడ్: బ్రిటన్‌లో పొగాకు ట్రాక్ అండ్ ట్రేస్‌పై దుకాణదారులకు మార్గదర్శిని

బ్రిటన్‌లో చిన్న దుకాణాలు నడుపుతున్న తెలుగువారికి, ఆ దుకాణాల కౌంటర్‌లో సాయంత్రాలు పనిచేసే మన విద్యార్థులకు పొగాకు అమ్మకం గురించి సాధారణంగా తెలిసిన నియమాలు రెండు: 18 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదు, సరుకును పైకి కనిపించేలా పేర్చకూడదు. మూడో నియమం గురించి చాలామందికి తెలిసేది తనిఖీ అధికారులు వచ్చి వెళ్లాకే. కర్మాగారంలో తయారైన ప్రతి పెట్టె మీ అల్మరా చేరేదాకా ఎవరి చేతులు మారిందో ప్రభుత్వం నమోదు చేయిస్తుంది, దీన్నే ట్రాక్ అండ్ ట్రేస్ అంటారు. ఆ నమోదులో చివరి పేరు మీదే. కాబట్టి ఈ వ్యవస్థలో దుకాణదారు చేయవలసిన పని తక్కువే అయినా, ఆ కొద్దిపాటి పనిలో తప్పు జరిగితే 10,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు, పొగాకు కొనే అర్హతే రద్దు కావచ్చు. ఆ పని ఏమిటో, ఏ వరుసలో చేయాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో వివరంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా ఈ వ్యవస్థ ఎలా నడుస్తుందో తెలుసుకుంటే మీ బాధ్యత ఎంతవరకో తేలిగ్గా అర్థమవుతుంది. 2014లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన పొగాకు ఉత్పత్తుల ఆదేశంలోని 15వ అధికరణ ప్రకారం ప్రతి పెట్టె మీద దానికి మాత్రమే చెందిన ఒక గుర్తింపు కోడ్ ఉండాలి. సిగరెట్లకు, చేతితో చుట్టుకునే పొగాకుకు ఈ నియమం 2019 మే 20న అమల్లోకి వచ్చింది. చుట్టలు, పైపు పొగాకు, హుక్కా పొగాకు, నమిలే పొగాకు, నశ్యం వంటి మిగతావాటికి 2024 మే 20న వర్తించింది. బ్రిటన్ యూనియన్ నుంచి బయటికి వచ్చినా ఈ ఏర్పాటును వదులుకోలేదు. 2021 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లకు సొంత వ్యవస్థ నడుస్తుండగా, ఉత్తర ఐర్లండ్ మాత్రం యూరోపియన్ వ్యవస్థతోనే ముడిపడి ఉంది. మీ దుకాణం బెల్‌ఫాస్ట్‌లో ఉంటే ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

పెట్టె మీద చిన్న చుక్కల చతురస్రంలా కనిపించే కోడ్‌లో ఆ పెట్టె ఏ కర్మాగారంలో, ఏ యంత్రం మీద, ఏ రోజు ఏ గంటలో తయారైందో, ఏ దేశపు విపణి కోసం తయారైందో తెలిపే సమాచారం ఉంటుంది. కోడ్‌లను తయారీదారు తనంతట తాను రాసుకోవడానికి వీల్లేదు. ప్రభుత్వం నియమించిన, పొగాకు కంపెనీలతో సంబంధం లేని ఒక సంస్థ వాటిని జారీ చేస్తుంది. ఒక వరుస సంఖ్యను ఊహించి దొంగ కోడ్ సృష్టించే అవకాశం 10,000లో ఒకటి కంటే తక్కువగా ఉండాలని నిబంధనలోనే రాశారు. ఆ తరువాత గిడ్డంగిలోకి వచ్చినప్పుడు, బయటికి వెళ్లినప్పుడు, హోల్‌సేలు వ్యాపారి చేతికి అందినప్పుడు, అక్కడి నుంచి చిల్లర దుకాణానికి అమ్మినప్పుడు ప్రతిసారీ కోడ్‌ను స్కాన్ చేసి ఆ సమాచారాన్ని ఉమ్మడి భాండాగారానికి, అంటే ఈ వివరాలన్నీ దాచే డేటాబేస్‌కు పంపుతారు. దానితోపాటు ఇన్వాయిస్, ఆర్డరు, చెల్లింపు వివరాలు కూడా చేరతాయి. స్కానింగ్ హోల్‌సేలు వ్యాపారితో ఆగిపోతుంది. చిల్లర దుకాణదారు పెట్టెలను స్కాన్ చేయనవసరం లేదు, కౌంటర్‌లో కొనేవారి వివరాలు ఎక్కడా నమోదు కావు.

తయారీదారు కోడ్‌ను తానే రాసుకోకూడదన్న పట్టుదల వెనుక ఒక చరిత్ర ఉంది. 1990ల్లో యూరప్‌లోకి దొంగదారిన వచ్చిన సిగరెట్లలో పెద్ద కంపెనీల అసలు సరుకే భారీగా ఉండేది. ఆ వ్యవహారంపై న్యాయపోరాటం నడిచాక 2004లో ఫిలిప్ మోరిస్ యూరోపియన్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుని, 12 ఏళ్లలో దాదాపు 125 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. సరుకు జాడ తీసే పనిని సరుకు చేసేవారికే అప్పగిస్తే ఏమవుతుందో ఆ అనుభవం నేర్పింది. అందుకే 2012 నవంబరు 12న సియోల్‌లో ఆమోదించిన అక్రమ పొగాకు వ్యాపార నిర్మూలన ప్రోటోకాల్ ఎనిమిదో అధికరణలో, ఈ బాధ్యతను పొగాకు పరిశ్రమకు అప్పగించరాదని స్పష్టంగా రాశారు. 2018 సెప్టెంబరు 25న అమల్లోకి వచ్చిన ఆ ప్రోటోకాల్‌లో బ్రిటన్‌తోపాటు భారతదేశం కూడా సభ్య దేశమే. మన దేశంలో 2025 ఆర్థిక చట్టం ద్వారా జీఎస్టీ చట్టానికి 148ఎ సెక్షన్‌ను చేర్చారు. కేంద్రం ఎంపిక చేసే సరుకుల మీద ప్రత్యేక గుర్తింపు ముద్ర వేయించి జాడ తీసే అధికారాన్ని ఆ సెక్షన్ ఇస్తుంది.

నమోదు ఎలా చేసుకోవాలి

మీకు రెండు రకాల సంఖ్యలు కావాలి. వ్యాపారానికి ఒకటి, దాన్ని ఎకనామిక్ ఆపరేటర్ ఐడీ అంటారు. సరుకు అమ్మే ప్రతి చోటుకూ విడిగా ఒకటి, అది ఫెసిలిటీ ఐడీ. ఒకే కంపెనీ పేరు మీద మూడు దుకాణాలుంటే మొదటి రకం సంఖ్య ఒకటి, రెండో రకం సంఖ్యలు మూడు ఉండాలి. మూడు దుకాణాల సరుకునూ ఒకే ఫెసిలిటీ ఐడీ మీద కొని పంచుకోవడం సౌకర్యంగా కనిపించినా అది తప్పు. భాండాగారం లెక్క ప్రకారం ఒక చోట ఉండవలసిన పెట్టె తనిఖీలో మరో చోట దొరుకుతుంది, దానికి సంజాయిషీ చెప్పుకోవలసింది మీరే.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో, కోడ్ జారీ చేసే సంస్థ పోర్టల్‌లో చేయాలి. పోర్టల్ చిరునామాను మాత్రం వాట్సాప్‌లో వచ్చిన లింకు నుంచి కాకుండా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పన్నుల శాఖ, అంటే హెచ్‌ఎంఆర్‌సీ ఇచ్చిన పొగాకు మార్గదర్శకాల పేజీ నుంచే తీసుకోండి. చిల్లర దుకాణదారు నమోదుకు రుసుము లేదు. కాబట్టి డబ్బు తీసుకుని నమోదు చేయిస్తామనే మధ్యవర్తులు మీకు అవసరం లేదు. వ్యాపారం చట్టబద్ధమైన పేరు, వాడుకలో ఉన్న పేరు వేరైతే అది కూడా, పూర్తి చిరునామా, పోస్ట్‌కోడ్, వ్యాట్ నమోదు ఉంటే ఆ సంఖ్య, ఈమెయిల్ దగ్గర పెట్టుకుని కూర్చుంటే పని త్వరగా పూర్తవుతుంది.

ఇక్కడ రెండు విషయాల్లో తొందరపడవద్దు. మొదటిది పేరు. మీరు లిమిటెడ్ కంపెనీగా వ్యాపారం చేస్తుంటే దరఖాస్తులో కంపెనీ పేరే ఉండాలి, బోర్డు మీది షాపు పేరో మీ సొంత పేరో కాదు. వ్యక్తిగా మొదలుపెట్టి తరువాత కంపెనీగా మారితే చట్టం దృష్టిలో అది కొత్త వ్యాపారం కనుక కొత్త సంఖ్య తీసుకోవాలి. రెండోది, మీకు తెలియకుండానే మీ దుకాణం ఇప్పటికే నమోదై ఉండే అవకాశం. దుకాణదారు సమ్మతితో హోల్‌సేలు వ్యాపారి కూడా ఆ దరఖాస్తు చేయవచ్చని నిబంధన అనుమతిస్తుంది. ఎప్పుడో ఖాతా తెరిచే కాగితాల మధ్య మీరు పెట్టిన ఒక సంతకం ఆ సమ్మతే అయి ఉండవచ్చు. కొత్త దరఖాస్తు పెట్టే ముందు మీ హోల్‌సేలు వ్యాపారిని ఒక్క మాట అడిగితే, ఒకే దుకాణానికి రెండు సంఖ్యలు పుట్టే చిక్కు తప్పుతుంది.

సంఖ్యలు వచ్చాక వాటిని ఈమెయిల్‌లో మరిచిపోకుండా అచ్చు తీసి లైసెన్సులు, బీమా కాగితాలు ఉండే ఫైల్‌లోనే పెట్టండి. మీరు లేనప్పుడు కౌంటర్‌లో ఉండేవారికి ఆ ఫైల్ ఎక్కడుందో తెలిసి ఉండాలి. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో పొగాకు చిల్లర వ్యాపారుల రిజిస్టర్ మరొకటి ఉంది. అది ప్రజారోగ్య చట్టం కింద ఉన్నది, దీనితో సంబంధం లేనిది. ఒకదానిలో నమోదైతే రెండోదానిలో నమోదైనట్టు కాదు.

కొనేటప్పుడు

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో దుకాణదారు నిజంగా కాపాడుకోవలసిన క్షణం ఇదే. క్యాష్ అండ్ క్యారీలో గానీ, వ్యాన్‌లో సరుకు తెచ్చి ఇచ్చే సరఫరాదారు దగ్గర గానీ పొగాకు కొన్నప్పుడు అమ్మేవారు మీ ఐడీ సంఖ్యలు అడిగి తీరాలి. లేదా ముందే వారి ఖాతా వివరాల్లో అవి నమోదై ఉండాలి. అవి లేకుండా ఆ అమ్మకాన్ని భాండాగారానికి నివేదించడం వారికి సాధ్యం కాదు. కాబట్టి ఖాతాలో సంఖ్యలు లేకున్నా, అడగకుండానే సిగరెట్లు అమ్ముతున్నారంటే ఆ అమ్మకం ఎక్కడా నివేదిక కావడం లేదని అర్థం. ఎంత పరిచయస్తులైనా, ఎంత తగ్గింపు ఇచ్చినా, సంఖ్య అడగని చోట పొగాకు కొనకండి.

ఇన్వాయిస్ మీద అమ్మినవారి పూర్తి పేరు, చిరునామా, వ్యాట్ సంఖ్య, బ్రాండు, ఎన్ని పెట్టెలు, ధర అన్నీ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. చెల్లింపు వీలైనంతవరకు బ్యాంకు ద్వారా లేదా కార్డుతో చేయండి. తరువాత ఎప్పుడైనా ఒక పెట్టె గురించి ప్రశ్న వస్తే మీ దగ్గరి ఇన్వాయిస్, బ్యాంకు పద్దు, భాండాగారంలోని హోల్‌సేలు నివేదిక మూడూ ఒకదానితో ఒకటి సరిపోవడమే మీకు రక్ష. పొగాకు ఇన్వాయిస్‌లను మిగతా సరుకుల కాగితాలతో కలపకుండా విడి ఫైల్‌లో తేదీల వారీగా ఉంచుకోవడం మంచిది. తనిఖీకి వచ్చినవారి ముందు అరగంట వెతుక్కునే పరిస్థితి ఎవరికీ మంచిది కాదు.

మీ సంఖ్యను మరొకరికి ఇవ్వవద్దు. పక్క వీధిలోని మిత్రుడికి ఇంకా నమోదు రాలేదని, ఈ వారానికి మీ సంఖ్య మీద సరుకు తెచ్చుకుంటానని అడగవచ్చు. అలా తెచ్చిన ప్రతి పెట్టె మీ దుకాణంలో ఉన్నట్టే నమోదవుతుంది. అలాగే మీ దగ్గర మిగిలిన సరుకును మరో దుకాణదారుకు అమ్మితే, ఆ క్షణంలో మీరు చిల్లర వ్యాపారి స్థానం నుంచి పంపిణీదారు స్థానానికి మారతారు. అప్పుడు స్కానింగ్, నివేదికల బాధ్యతలన్నీ మీ మీద పడతాయి. వాటికి కావలసిన ఏర్పాటు లేనివారు ఆ పని చేయకపోవడమే క్షేమం.

సరుకు చేతికి వచ్చాక

పెట్టెను తిప్పి చూడటానికి ఒక నిమిషం చాలు. కోడ్ పక్కనే లేదా కిందనే కంటితో చదవగలిగే అక్షరాలు, అంకెలు ఉండాలి. రెండు పెట్టెల మీద ఒకే వరుస కనిపిస్తే అది నకిలీ. ఏ రెండు పెట్టెలకూ ఒకే కోడ్ ఉండదు. కోడ్‌తోపాటు అసలు సరుకని తెలిపే భద్రతా చిహ్నం కూడా ఉండాలి. యూరోపియన్ నిబంధన ప్రకారం ఆ చిహ్నంలో కనీసం ఐదు రకాల అంశాలు ఉంటాయి, వాటిలో కొన్ని కంటికి కనిపిస్తాయి, కొన్ని పరికరంతో మాత్రమే తెలుస్తాయి. కోడ్ గీకేసి ఉన్నా, మీద స్టిక్కర్ అంటించి ఉన్నా ఆ సరుకును అల్మరాలో పెట్టకండి.

కోడ్‌ను పరీక్షించే పరికరం మీ దగ్గర లేకపోయినా, చాలా అక్రమ సరుకు మామూలు చూపుకే దొరికిపోతుంది. బ్రిటన్‌లో సిగరెట్ పెట్టె ముదురు గోధుమ ఆకుపచ్చ రంగులో, కంపెనీ బొమ్మలు, రంగులు లేకుండా ఉండాలి. 2017 మే నుంచి వేరే రకం పెట్టె అమ్మకూడదు. 20 కంటే తక్కువ సిగరెట్లున్న పెట్టె, 30 గ్రాముల కంటే తక్కువ చుట్టుకునే పొగాకు ప్యాకెట్ చట్టవిరుద్ధం. 2020 మే 20 నుంచి మెంథాల్ రుచిగల సిగరెట్లు నిషిద్ధం. సుంకం చెల్లించినట్టు తెలిపే ముద్ర సిగరెట్లు, చుట్టుకునే పొగాకు పెట్టెల మీద ఉండాలి. వీటిలో ఒక్కటి తప్పినా కోడ్ దాకా వెళ్లనక్కర్లేదు.

మన దుకాణాల్లో ప్రత్యేకంగా చూసుకోవలసిన సరుకు మరొకటి ఉంది. లెస్టర్‌లోనో, తూర్పు లండన్‌లోనో పాన్ మసాలాల పక్కన జర్దా డబ్బాలు, గుట్కా పొట్లాలు పెట్టుకునే అలవాటు దక్షిణాసియా దుకాణాల్లో పాతది. మనవాళ్లలో చాలామంది దాన్ని పొగాకుగా లెక్కించరు, తాంబూలంలో భాగమనుకుంటారు. చట్టం అలా చూడదు. నమిలే పొగాకు మీద సుంకం 1979 నాటి చట్టం నుంచీ ఉంది, 2024 మే 20 నుంచి దానికి జాడ తీసే కోడ్ కూడా తప్పనిసరి. దాని మీద ఇంగ్లిష్‌లో బ్రిటన్ చట్టం నిర్దేశించిన ఆరోగ్య హెచ్చరిక ఉండాలి. భారతదేశంలో అచ్చువేసిన హెచ్చరిక బొమ్మ ఎంత పెద్దదైనా ఇక్కడ చెల్లదు. ఆ తేదీకి ముందు తయారైన పాత నిల్వలకు ఇచ్చిన గడువు కూడా 2026 మే 20తో ముగిసే ఏర్పాటే. హైదరాబాద్ నుంచి బంధువుల సూట్‌కేసులో వచ్చిన పొట్లాలకు ఇవేవీ ఉండవు కనుక వాటిని దుకాణంలో అమ్మే మార్గమే లేదు. నోటి క్యాన్సర్ మన సమాజంలో ఎన్ని ఇళ్లను కూల్చిందో చూసినవాడిగా, ఈ ఒక్క సరుకును అల్మరా నుంచి పూర్తిగా తీసేయమనే చెబుతాను. వచ్చే లాభం చిన్నది, నష్టం పెద్దది.

ప్రయాణికులకు ఉన్న మినహాయింపు గురించి అపోహ వద్దు. భారతదేశం నుంచి వచ్చే పెద్దలు ఒక్కొక్కరు 200 సిగరెట్లు లేదా 250 గ్రాముల పొగాకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అది సొంత వాడకానికో, ఎవరికైనా కానుకగా ఇవ్వడానికో మాత్రమే. అమ్మితే ఆ మినహాయింపు అక్కడితో పోతుంది, అమ్మిన చోటు దుకాణమైతే ట్రాక్ అండ్ ట్రేస్ ఉల్లంఘన కూడా తోడవుతుంది.

తనిఖీకి వచ్చినప్పుడు

స్థానిక కౌన్సిళ్లకు చెందిన ట్రేడింగ్ స్టాండర్డ్స్ అధికారులు, హెచ్‌ఎంఆర్‌సీ అధికారులు కలిసి అక్రమ పొగాకు మీద 2021 జనవరి నుంచి ఆపరేషన్ సీసీ పేరుతో పనిచేస్తున్నారు. ట్రేడింగ్ స్టాండర్డ్స్ వారు దుకాణంలో కోడ్ లేని సరుకును గుర్తిస్తే ఆ కేసును హెచ్‌ఎంఆర్‌సీకి పంపవచ్చు. 2023 జులై 20 నుంచి హెచ్‌ఎంఆర్‌సీ 10,000 పౌండ్ల దాకా జరిమానా వేయగలదు, సరుకు స్వాధీనం చేసుకోగలదు, మీ ఐడీని నిలిపివేయగలదు. మూడింటిలో చివరిదే ఎక్కువ కష్టం తెస్తుంది. ఐడీ నిలిచిపోతే చట్టబద్ధంగా ఏ హోల్‌సేలు వ్యాపారీ మీకు పొగాకు అమ్మలేరు. సిగరెట్లకు వచ్చినవారే పాలు, రొట్టె కూడా తీసుకెళ్లే దుకాణంలో ఆ దెబ్బ కౌంటర్ అంతటికీ తగులుతుంది.

అధికారులు వచ్చినప్పుడు వారి గుర్తింపు కార్డు చూడమని అడగడం మీ హక్కు. చూశాక అడిగిన ఫైల్ ఇవ్వండి, వెనక గదిలో ఉన్న సరుకు గురించి దాచకుండా చెప్పండి. ఏదైనా స్వాధీనం చేసుకుంటే దానికి రశీదు తీసుకుని, పెట్టెల సంఖ్య, బ్రాండు సరిగ్గా రాశారో చూసుకోండి. తరువాత జరిమానా ఉత్తరం వస్తే పక్కన పెట్టవద్దు. పునఃపరిశీలన కోరే పద్ధతి, అప్పీలుకు ఉన్న గడువు ఆ ఉత్తరంలోనే ఉంటాయి. గడువు దాటాక ఎంత సరైన వాదన ఉన్నా వినేవారు ఉండరు. కౌంటర్‌లో పనిచేసే విద్యార్థులకు ఒక మాట: యజమాని లేనప్పుడు ఎవరో సంచిలో తెచ్చి చవకగా ఇస్తామన్న సరుకును మీ అంతట మీరు తీసుకోవద్దు. యజమానే అమ్మమని ఇచ్చిన పెట్టె మీద కోడ్ లేకపోతే అమ్మనని చెప్పే ధైర్యం చేయండి. వీసా మీద ఉన్నవారికి ఇలాంటి కేసులో పేరు రావడం చిన్న విషయం కాదు.

దుకాణం చేతులు మారినప్పుడు

నేను లెక్కలు చూసే దుకాణాల్లో ఎక్కువ చిక్కులు వచ్చింది ఇక్కడే. ఒక దంపతులు నడుస్తున్న షాపు కొన్నారు. పాత యజమాని సామాను, అల్మరాలోని సరుకు, హోల్‌సేలు ఖాతా అన్నీ అప్పగించి వెళ్లారు. ఎనిమిది నెలలపాటు ఆ పాత ఖాతా మీదనే సిగరెట్లు వచ్చాయి. ఆ ఖాతాలో ఉన్న ఐడీ మాత్రం అప్పటికే మూసేసిన వ్యాపారానిది. వారు ఒక్క పెట్టె కూడా దొంగ సరుకు కొనలేదు, ప్రతి పౌండూ బ్యాంకు ద్వారానే చెల్లించారు. అయినా నమోదులో వారి పేరు ఎక్కడా లేకపోవడంతో, ఆ ఎనిమిది నెలల ఇన్వాయిస్‌లను ఒక్కొక్కటే చూపించి అసలు సంగతి వివరించవలసి వచ్చింది. ఆ ఇన్వాయిస్‌లు ఉండబట్టి సరిపోయింది.

అందువల్ల దుకాణం కొనేటప్పుడు తాళాలు తీసుకోవడానికి ముందే మీ సొంత వ్యాపారం పేరు మీద ఎకనామిక్ ఆపరేటర్ ఐడీకి, ఆ చిరునామా మీద ఫెసిలిటీ ఐడీకి దరఖాస్తు చేయండి. సంఖ్యలు చేతికి వచ్చి, హోల్‌సేలు వ్యాపారి తన ఖాతాలో మార్చినట్టు రాతపూర్వకంగా చెప్పేదాకా పొగాకు కొనకండి. పాత యజమాని వదిలిన పొగాకు నిల్వను కొనవలసి వస్తే, ఎన్ని పెట్టెలు, ఏ బ్రాండు, అవి వారు ఎక్కడ కొన్నారో తెలిపే ఇన్వాయిస్ నకళ్లతో సహా జాబితా రాయించుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. ముందుగా హెచ్‌ఎంఆర్‌సీని అడిగి తెలుసుకోవడం ఇంకా మేలు. మీరే దుకాణం అమ్ముతున్నా, చిరునామా మారుస్తున్నా, పొగాకు అమ్మకం మానేస్తున్నా ఆ విషయాన్ని ఆలస్యం చేయకుండా పోర్టల్‌లో నమోదు చేయాలి. మూసివేత నమోదైనట్టు వచ్చిన ఈమెయిల్‌ను చివరి ఇన్వాయిస్‌తో కలిపి దాచండి. మీరు వెళ్లిపోయాక ఆ చిరునామాలో ఎవరు ఏం అమ్మినా, ఏ తేదీ దాకా ఆ ఐడీ మీ పేరు మీద ఉందో చెప్పగలిగేది ఆ కాగితమే.